చేపగుడ్డు చెప్పే సాక్ష్యం

మలక్‌పేట నుంచి అంబర్‌పేట వైపు వెళ్లాలంటే మూసారాంబాగ్ దగ్గర మూసీ దాటాలి. అవతలి ఒడ్డున, అంబర్‌పేటలో, రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగునీటిని శుద్ధి చేయగల కేంద్రం ఉంది. నగరం వాడి వదిలేసిన నీళ్లే కాదు, పటాన్‌చెరు బల్క్ డ్రగ్ పరిశ్రమల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీళ్లు కూడా తర్వాతి కాలంలో గొట్టాల ద్వారా ఇటే మళ్లాయి. అంతకుముందు అవి ఇసకవాగులో పడి, నక్కవాగు మీదుగా మంజీరలో కలిసేవి.

ఆ పటాన్‌చెరు నీటికి శాస్త్రలోకంలో పెద్ద పేరే ఉంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం 2007లో అక్కడి శుద్ధి చేసిన నీటిని పరీక్షించి, లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని ప్రకటించింది. అదో పెద్ద సంచలనం. నాకు మాత్రం రెండేళ్ల తర్వాత అదే బృందం చేసిన చిన్న పని ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. వాళ్లు ఆ నీటిని పలచన చేసి అందులో జీబ్రా చేప గుడ్లను, కప్ప తోకపిల్లలను ఉంచి చూశారు. వెయ్యి పాళ్లలో రెండు పాళ్లు మాత్రమే ఆ నీరు కలిసినా తోకపిల్లల ఎదుగుదల 40 శాతం తగ్గిపోయింది. నీటిలో ఏముందో యంత్రం చెబుతుంది. ఆ ఉన్నది ప్రాణికి ఏం చేస్తుందో చెప్పాలంటే ప్రాణమున్నదే చెప్పాలి. యంత్రానికి ఏం వెతకాలో ముందే చెప్పి ఉంచాలి. గుడ్డుకు అలా చెప్పాల్సిన పని లేదు, నీటిలో ఉన్నదంతా దానికి తగులుతుంది.

ఈ వ్యాసం ఆ గుడ్డు పరీక్ష గురించి, దాన్ని చేసే చేతుల పనితనం గురించి. అందులోనూ నానో పదార్థాల మీద చేసే పరీక్ష గురించి. మందులకన్నా, పురుగుమందులకన్నా వీటిని పరీక్షించడం చాలా కష్టం. కష్టమైన చోటే పనివాడి విలువ తెలుస్తుంది.

నానో పదార్థం అంటే కనీసం ఒక కొలతలోనైనా 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండేది. తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. అంత చిన్నగా చేస్తే వెండి, జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ వంటి పాత పదార్థాలే కొత్త గుణాలు చూపిస్తాయి. బరువు అంతే ఉన్నా బయటికి కనిపించే ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధనా కేంద్రం తాగునీటి ఫిల్టర్ క్యాండిల్‌కు నానో వెండి పూత పూసే పద్ధతిని తయారుచేసింది. తిరుపతి వ్యవసాయ పరిశోధనా స్థానంలో టీఎన్‌వీకేవీ ప్రసాద్ బృందం నానో జింక్ ఆక్సైడ్‌తో వేరుశనగ మొలక, దిగుబడి మెరుగుపడ్డాయని 2012లో ప్రచురించింది. ఇఫ్కో నానో యూరియా 2021 నుంచి మన రైతుల చేతుల్లో ఉంది. ఎండ క్రీముల్లో జింక్, రంగుల్లో టైటానియం, చెమట వాసన రాని బట్టల్లో వెండి. ఇవన్నీ మంచి కోసం చేసినవే, కొన్ని నిజంగా మంచి చేస్తున్నవే. వాడాక మాత్రం వీటిలో కొంత భాగం కడుగునీళ్లతో, వాననీళ్లతో కాలువల్లోకి పోతుంది. అక్కడ చేపలుంటాయి. అందుకే ముందుగా చేపను అడగాలి.

అడగడానికి దొరికిన జీబ్రా చేప మన ఉపఖండానిదే. బొటనవేలంత ఉండదు, మూడు నాలుగు సెంటీమీటర్లు. ఒంటి పొడవునా నీలి చారలు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద 1822లో వేసిన పుస్తకంలో దీన్ని మొదటిసారి శాస్త్రీయంగా వర్ణించాడు. ఆ తర్వాత చాలాకాలం అది గాజుతొట్టెల్లో ముచ్చటకు పెంచుకునే చేపగానే ఉండిపోయింది. అమెరికాలోని ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ దానితో జన్యు పరిశోధనలు చేయవచ్చని గట్టిగా నమ్మి, 1981లో ఒకే తీరు జన్యువులున్న జీబ్రా చేపలను సృష్టించి చూపాడు. ఇవాళ హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధనా సంస్థలోనూ, గచ్చిబౌలి వైపు డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లోనూ ఈ చేపల మీద పని జరుగుతోంది. మన వాగుల్లో తిరిగే చేప ప్రపంచమంతా తిరిగి శాస్త్రవేత్తల తొట్టెల్లో మళ్లీ హైదరాబాద్ చేరింది.

దాన్ని ఎన్నుకోవడానికి ముఖ్యకారణం గుడ్డు. కోడిగుడ్డులా పెంకు వెనక దాగదు. తల్లి కడుపులోనూ ఉండదు. నీటిలో పడి, నీటిలోనే ఫలదీకరణ చెంది, అద్దంలా పారదర్శకంగా ఉంటుంది. మిల్లీమీటరు పైచిలుకు వెడల్పున్న ఆ గుడ్డును సూక్ష్మదర్శిని కింద పెడితే, పచ్చసొన మీద ఒక కణం రెండవడం, రెండు నాలుగవడం కళ్ల ముందే జరుగుతుంది. 28.5 డిగ్రీల వెచ్చదనంలో ముప్పావు గంటకు రెండు కణాలు, ఆ పైన పావుగంటకొకసారి రెట్టింపు. గంటన్నరకు పదహారు. మర్నాటికి కళ్లు, తోక, వణికే చిన్న గుండె. రెండు మూడు రోజులకు పొర చీల్చుకుని ఈదే పిల్ల. మనిషి గర్భంలో నెలలు పట్టే నిర్మాణాలు ఇక్కడ వారం తిరగకుండా, ఏ కత్తీ పెట్టకుండా, ఏ స్కానూ తీయకుండా చూడవచ్చు.

పని సాయంత్రమే మొదలవుతుంది. మగచేపలను, ఆడచేపలను ఒకే తొట్టెలో మధ్య అడ్డుపలక పెట్టి ఉంచుతారు. ప్రయోగశాలలో దీపాలు పద్నాలుగు గంటలు వెలుగు, పది గంటలు చీకటి లెక్కన నడుస్తాయి. తెల్లవారి దీపం వెలగగానే పలక తీసేస్తారు. జీబ్రా చేపకు వెలుగు పడటమే గుడ్లు పెట్టమన్న పిలుపు. గుడ్లు రాలగానే తల్లిదండ్రులే వాటిని తినేస్తాయి కాబట్టి అడుగున జల్లెడ ఉంటుంది. గుడ్లు జల్లెడ కన్నాల్లోంచి కిందికి జారిపోతాయి, చేపలు పైనే ఉండిపోతాయి. ఆ తొట్టెల దగ్గర పనిచేసేవాళ్లకు ఏ జంట బాగా గుడ్లు పెడుతుందో, ఏది బెదిరిపోయి ఊరుకుంటుందో తెలుస్తుంది. గుడ్లు బాగుండాలంటే చేప సుఖంగా ఉండాలి. మేత, నీటి ఉప్పదనం, అమ్మోనియా, గదిలో చప్పుడు, ఇన్నీ చూసుకుంటేనే ఆ ఉదయం మంచి గుడ్లు దొరుకుతాయి. ఒక దఫా గుడ్లలో నూటికి కనీసం 70 ఫలదీకరణ చెంది ఉండకపోతే ఆ దఫా మొత్తాన్ని పక్కన పెట్టేయాలన్నది నియమం.

నియమం అన్నాను కదా, అది ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2013లో ఆమోదించిన 236వ పరీక్షా మార్గదర్శకం. చేప పిండాలపై తీవ్ర విషప్రభావ పరీక్ష. పొడిపొడిగా రాసిన ఆఫీసు కాగితమే అయినా, చదువుతుంటే పనిలో చేయి తిరిగినవాళ్లు ఒక్కో వాక్యం వెనక ఎన్ని ఉదయాలు గడిపారో తెలిసిపోతుంది.

ఉదాహరణకు సమయం సంగతే చూడండి. ఫలదీకరణ జరిగిన గంటన్నర లోపు, అంటే పదహారు కణాల దశ దాటకముందే, గుడ్లు పరీక్షించే ద్రావణంలో పడాలి. కానీ అంత తొందరలో ఏది మంచి గుడ్డో ఏరడం కుదరదు. అందుకని అవసరానికి మించి గుడ్లను ముందుగా ద్రావణంలోకి దించేస్తారు. ఆ తర్వాత సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటి చూసి, మూడు గంటల లోపు ప్లేట్ల గుంటల్లోకి మారుస్తారు. విషం తగలడం ఆలస్యం కాకూడదు, ఎంపికలో పొరపాటూ జరగకూడదు. ఆ రెండింటినీ ఒకే పద్ధతిలో ఇమిడ్చారు.

ఆ ఎంపిక దగ్గర కాసేపు ఆగాలి. కుర్చీలో కూర్చున్న మనిషికి ఒక చేతిలో గాజు పిపెట్, రెండో చేయి సూక్ష్మదర్శిని మర మీద. పిపెట్ కొన వెడల్పుగా ఉండాలి, అంచు గరుకుగా ఉండకూడదు. ఇరుకైన కొనలోంచి గుడ్డును లాగితే పొర నలిగి, లోపల కణాలు చెదురుతాయి. అప్పుడు చచ్చిన గుడ్డు విషం వల్ల చచ్చిందో, చేతి దురుసు వల్ల చచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఫలదీకరణ చెందనివి తెల్లగా మబ్బు పట్టినట్టు ఉంటాయి, వాటిని పోల్చుకోవడం తేలిక. కష్టమల్లా బాగున్నట్టు కనిపించి బాగాలేని వాటితోనే. కణాలు నాలుగు సమానంగా ఉండాల్సిన చోట ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. పొర లోపల చిన్న బుడగ. ఒక పక్కన గీత. ఇవి పక్కకు పోవాలి. చేయి తిరిగినవాళ్లు ఒక గుడ్డు మీద రెండు మూడు క్షణాలకన్నా ఎక్కువ నిలవరు. దాన్ని నీటితో సహా పీల్చి, గుంటలో నీటికి తాకించి, మెల్లగా వదులుతారు. పైనుంచి చుక్కలా పడేయరు. గుంటకొక గుడ్డు, గుంటకు రెండు మిల్లీలీటర్ల ద్రావణం. ఎదురుగా వంద గుడ్లకు పైగా ఉంటాయి, గడియారం నడుస్తూనే ఉంటుంది.

ఇక ప్లేటు అమరిక. ఒక్కో ప్లేటులో 24 గుంటలు. అందులో 20 పరీక్షించే ద్రావణానికి. మిగిలిన నాలుగింటిలో మామూలు నీరే. అవే ఆ ప్లేటుకు సొంత సాక్షులు. ఆ నాలుగింటిలో ఒకటికి మించి గుడ్లు చచ్చిపోతే ఆ ప్లేటు మొత్తం చెల్లదు. ఇవి కాక వేరే ప్లేటు నిండా మామూలు నీటి గుడ్లు ఉంటాయి. వాటిలో నూటికి 90 నాలుగు రోజులు బతకాలి, 80 పొర చీల్చుకుని బయటికి రావాలి. మరో ప్లేటులో డైక్లోరోఅనిలిన్ అనే తెలిసిన విషం, లీటరుకు 4 మిల్లీగ్రాములు. అందులో కనీసం 30 శాతం చావాలి. చావకపోతే ఆ గుడ్లకు విషాన్ని పట్టిచెప్పే శక్తి లేదన్నమాట, అప్పుడు కూడా పరీక్ష చెల్లదు. ఇంకా ఒక చిన్న జాగ్రత్త ఉంది. ప్లాస్టిక్ ప్లేటు కొంత పదార్థాన్ని తనకు అంటించుకుంటుంది. అందుకని ఒక రోజు ముందే గుంటలను అదే ద్రావణంతో నింపి నానబెడతారు, పీల్చుకునేదేదో ప్లేటు ముందే పీల్చుకుంటుంది. మర్నాడు దాన్ని ఒంపేసి తాజా ద్రావణం పోస్తారు. ఈ పరీక్షలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ తరహా అనుమానమే. పదార్థం మీద నేరం మోపే ముందు ప్లేటును అనుమానిస్తుంది, గుడ్డును అనుమానిస్తుంది, నీటిని అనుమానిస్తుంది, పరీక్ష చేసే చేతిని అనుమానిస్తుంది.

ఆపైన 26 డిగ్రీల వెచ్చదనంలో 96 గంటలు. రోజుకొకసారి చూస్తారు. చావును తేల్చే గుర్తులు నాలుగే. గుడ్డు గడ్డకట్టి తెల్లబడిందా, వెన్ను వెంట కండరాల మడతలు ఏర్పడలేదా, తోక పచ్చసొన నుంచి విడిపడలేదా, రెండో రోజు నుంచి గుండె కొట్టుకోవడం లేదా. నాలుగింటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ పిండం చనిపోయినట్టే లెక్క. ఉబ్బిన గుండె సంచి, వంకర తిరిగిన వెన్ను, మందగించిన రక్తప్రసరణ వంటివి కూడా రాసుకుంటారు గానీ చావు లెక్కలోకి తీసుకోరు. ఇద్దరు మనుషులు చూసినా ఒకే మాట చెప్పగలిగే గుర్తులనే ఎన్నుకోవడంలో వివేకం ఉంది.

మామూలు రసాయనానికి ఇంతటితో సరిపోతుంది. నానో పొడి దగ్గర అసలు తిప్పలు మొదలవుతాయి. ఉప్పు నీటిలో కరుగుతుంది, కొన్ని పురుగుమందులూ కరుగుతాయి. నానో పొడి చాలావరకు కరగదు, తేలుతుంది. తేలినా నిలకడగా తేలదు. చేప బతికే నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలుంటాయి. ఆ నీటిలో పడగానే కణాలు ఒకదానికొకటి అంటుకుని, మరిగే నీళ్లలో ఒక్కసారిగా గుమ్మరించిన ఉప్మారవ్వలా ఉండలు కడతాయి. లేబుల్ మీద 20 నానోమీటర్లు అని ఉన్న పొడి, గుడ్డు దగ్గరికి చేరేసరికి వెయ్యి నానోమీటర్ల ముద్ద కావచ్చు. ఆ ముద్దను పరీక్షించి నానో కణం నిరపాయకరం అని రాసేస్తే అది అబద్ధమే అవుతుంది.

ఉండలు విడగొట్టడానికి శబ్ద తరంగాలు వాడతారు. సోనికేటర్ అనే పరికరం టైటానియం కడ్డీ కొనను నీటిలో ముంచి క్షణానికి వేల సార్లు కంపింపజేస్తుంది. నీరు వేడెక్కుతుంది కాబట్టి పాత్రను మంచులో పెడతారు. ఎక్కువసేపు చేస్తే కణాల మీది పూత ఊడుతుంది, తక్కువసేపు చేస్తే ఉండలు మిగులుతాయి. మరో చిక్కు కూడా ఉంది. ఆ కడ్డీ కొనే మెల్లగా అరిగి, సన్నని టైటానియం నలుసులు నీటిలో కలుస్తాయి. టైటానియం డయాక్సైడ్‌ను పరీక్షించేవాడికి ఇది ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. అందుకే జాగ్రత్తగలవాళ్లు ఏ పొడీ వేయని వట్టి నీటిని కూడా అంతేసేపు అదే కడ్డీతో కంపింపజేసి, ఆ నీటిలోనూ కొన్ని గుడ్లను ఉంచుతారు.

తర్వాత కొలతలు. కాంతి చెదిరే తీరును బట్టి ముద్ద సైజు, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో కణం ఆకారం, దాని మీది విద్యుదావేశం. మొదట్లో నీటిలో ఎంత లోహం ఉంది, 24 గంటలకు ఎంత మిగిలింది, ఎంత అడుక్కి చేరింది. గుడ్డు ఉండేది గుంట అడుగునే. కణాలు అడుక్కి దిగితే నీటిలో తక్కువే ఉన్నా గుడ్డుకు తగిలేది ఎక్కువవుతుంది. 2017లో ఓఈసీడీ కణాలు నీటిలో ఎంత నిలకడగా తేలుతాయో కొలవడానికే ఒక మార్గదర్శకం తెచ్చింది. 2020లో నానో పదార్థాలను నీటి జీవులపై పరీక్షించేవారి కోసం విడిగా ఒక సూచనల పత్రం వెలువడింది. ఒక పరీక్షను సరిగ్గా చేయడమెలాగో తేల్చుకోవడానికి శాస్త్రలోకం ఇన్నేళ్లు వెచ్చించడం నాకు గౌరవంగా అనిపిస్తుంది.

గుడ్డు పొర సంగతి వేరే కథ. ఆ పొర నిండా సన్నని కన్నాలు. ఒక్కోటి 500 నుంచి 700 నానోమీటర్ల వెడల్పు. ఆక్సిజన్ లోపలికి, మలినాలు బయటికి పోయేది వాటిలోంచే. విడి కణం అందులోంచి సులభంగా దూరుతుంది. ముద్ద దూరదు, కన్నానికి అడ్డుపడుతుంది. అడ్డుపడితే పిండానికి విషం తగలకపోయినా ఊపిరి ఆడదు. కాబట్టి పిండం నీరసించినప్పుడు, కణం లోపలికి వెళ్లి చేసిన పనా, వాకిట్లో కూర్చుని చేసిన పనా అని అడగాలి. కొందరు ప్రోనేజ్ అనే ఎంజైమ్‌తో పొరను కరిగించేసి, పొర లేని పిండాల మీద కూడా పరీక్ష చేసి రెంటినీ పోలుస్తారు. పొర లేని పిండం ఎంత సున్నితమంటే, నీటి పైతలానికో గాలిబుడగకో తగిలినా చిట్లిపోవచ్చు. పొర కరిగాక దాన్ని ఎప్పుడూ నీటి లోపలే ఉంచి కదపాలి.

ఇంతకన్నా చిక్కు ప్రశ్న, చంపింది కణమా, కణంలోంచి కరిగిన అయానా? వెండి నీటిలో కొద్దికొద్దిగా కరిగి వెండి అయాన్లను వదులుతుంది, అవి చేపకు విషమని ఎప్పటినుంచో తెలుసు. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో ఆశారాణి, సురేష్ వలియవీట్టిల్, వాళ్ల సహచరులు 2008లో 5 నుంచి 20 నానోమీటర్ల వెండి కణాలతో జీబ్రా పిండాలపై చేసిన పనిలో ఈ జాగ్రత్త కనిపిస్తుంది. మోతాదు పెరిగేకొద్దీ చావులు పెరిగాయి, పిల్లలు బయటికి రావడం ఆలస్యమైంది, గుండె చుట్టూ నీరు చేరింది, వెన్ను మెలితిరిగింది. అంతటితో ఆగకుండా వెండి అయాన్లను విడిగా, కణాలకు పూసిన పిండిపదార్థాన్ని, ప్రోటీన్‌ను విడిగా పెట్టి చూశారు. వాటివల్ల చెప్పుకోదగ్గ లోపాలు రాలేదని నమోదు చేశాకే కణాల వైపు వేలు చూపించారు. తర్వాత వచ్చిన ఎన్నో పరిశోధనల్లో కరిగిన వెండి పాత్ర పెద్దదేనని తేలింది. రెండూ నిజం కావచ్చు. పూత మారితే, నీరు మారితే కరిగే వేగమూ మారుతుంది.

జింక్ ఆక్సైడ్ కథ ఇంకా ఆసక్తికరం. 2008లో చైనా శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధనలో లీటరుకు సుమారు 1.8 మిల్లీగ్రాముల నానో జింక్ ఆక్సైడ్ 96 గంటల్లో సగం పిండాలను చంపింది. అదే సమయంలో మామూలు, అంటే నానో కాని జింక్ ఆక్సైడ్ కూడా దాదాపు అంతే విషమని తేలింది. టైటానియం, అల్యూమినియం ఆక్సైడ్లు ఏమీ చేయలేదు. ఇక్కడ సైజుకన్నా జింక్ కరగడమే అసలు సంగతి. జింక్ నీటిలో కొన్ని పిల్లలు లోపల బతికే ఉంటాయి, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, మెలికలు తిరుగుతుంటాయి, కానీ పొర చీల్చుకుని బయటికి రాలేవు. పొరను కరిగించడానికి పిల్ల తనలోంచి వదిలే ఎంజైమ్‌ను జింక్ అడ్డుకుంటుంది. ఓఈసీడీ లెక్కలో ఇది చావు కాదు. చావులే లెక్కపెట్టి ఊరుకునే మనిషి దీన్ని చూడనే చూడడు. రోజూ కళ్లప్పగించి చూసినవాళ్లకే ఆ సంగతి దొరికింది.

అయితే ఈ రంగంలో పనితనం అంటే ఏమిటో నేర్పిన పాఠం ఫులరీన్లదే. అరవై కార్బన్ పరమాణువులు బంతిలా అల్లుకున్న అణువు అది. 2004లో డల్లాస్‌లోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయంలో ఎవా ఓబర్‌డోర్‌స్టర్ లార్జ్‌మౌత్ బాస్ అనే చేప పిల్లలను ఆ ఫులరీన్లున్న నీటిలో 48 గంటలు ఉంచారు. మెదడులో కొవ్వులు ఆక్సీకరణకు గురైన గుర్తులు కనిపించాయి. నానో పదార్థాలు చేప మెదడును దెబ్బతీస్తాయన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. ఆ పని ఎంతో విలువైనది, అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. కానీ ఫులరీన్ నీటిలో కలవదు కనుక, ముందు టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ద్రావకంలో కరిగించి, నీటిలోకి మార్చి, ద్రావకాన్ని తొలగించేవారు. పూర్తిగా తొలగిందా?

2007లో టెన్నెసీ విశ్వవిద్యాలయానికి చెందిన థియోడర్ హెన్రీ, సహచరులు జీబ్రా చేప పిల్లలతో ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. ఒక గుంపుకు ద్రావకం ద్వారా చేసిన ఫులరీన్ నీరు. ఇంకో గుంపుకు ద్రావకం అసలు వాడకుండా నీటిలోనే కలియబెట్టి, కంపింపజేసి చేసిన ఫులరీన్ నీరు. మూడో గుంపుకు ఫులరీన్ లేకుండా, అదే ద్రావకపు తంతు మొత్తం నడిపిన నీరు. మొదటి గుంపు, మూడో గుంపు దెబ్బతిన్నాయి. రెండో గుంపు బాగానే ఉంది. జన్యువుల స్పందనలోనూ మొదటిది, మూడోది కవలల్లా పోలి ఉన్నాయి. వెతికితే ద్రావకం విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే గామా బ్యూటిరోలాక్టోన్ ఆ నీటిలో దొరికింది. తప్పుచేసింది ఫులరీన్‌ను నీటిలోకి తెచ్చిన ద్రావకం.

ఆ మూడో గుంపును ఏర్పాటు చేయడంలోనే హెన్రీ బృందం చాకచక్యమంతా ఉంది. ఫులరీన్ లేని నీటికి కూడా ఫులరీన్ ఉన్నంత శ్రద్ధగా, అన్ని మెట్లూ తప్పకుండా చేయాలి. ఏమీ లేని సీసా మీద గంటలు గడపాలంటే ఓపిక కావాలి, నిజాయితీ కావాలి. మంచి ప్రయోగశాలను గుర్తుపట్టాలంటే నేను ఆ శాల ఖాళీ సీసాను ఎలా తయారుచేసిందో చూడమంటాను.

ఈ గుణం మన నగరంలోనూ ఉంది. తార్నాకలోని ఐఐసీటీ పరిశోధనా సంస్థలో పరంజిత్ గ్రోవర్ బృందం నానో పదార్థాల జన్యు విషప్రభావాన్ని ఎలుకలపై పరీక్షించింది. 2009లో ప్రచురించిన పనిలో వాళ్లు 30 నానోమీటర్ల, 40 నానోమీటర్ల అల్యూమినియం ఆక్సైడ్‌తో పాటు మామూలు సైజు అల్యూమినియం ఆక్సైడ్‌నూ అదే మోతాదుల్లో పక్కపక్కన పెట్టి పోల్చారు. ఆ తర్వాత ఐరన్ ఆక్సైడ్ మీద చేసిన పనిలోనూ అంతే, నానో ఒక పక్క, మైక్రాన్ సైజుది ఇంకో పక్క. అవి ఎలుకలు, ఇవి చేపలు, కానీ అడిగే ప్రశ్న ఒకటే. పదార్థం తప్పా, దాని సైజు తప్పా? ఆ పోలిక లేని పరిశోధనా పత్రాలు నేటికీ కుప్పలుగా వస్తున్నాయి. కాబట్టే ఆ పోలిక పెట్టినవాళ్లను పేరుపెట్టి చెప్పుకోవాలి.

మూసీ నీటికి వస్తే మరో మెలిక ఉంది. ప్రయోగశాల నీరు శుభ్రంగా ఉంటుంది. మురుగునీటిలో కుళ్లిన ఆకులు, సబ్బు, ప్రోటీన్లు, గంధకం ఉంటాయి. అవి కణాలకు పూతలా పడతాయి. నానో వెండి మురుగులో ఎక్కువగా వెండి సల్ఫైడ్‌గా మారుతుంది, అది నీటిలో దాదాపు కరగదు, విషమూ చాలావరకు తగ్గుతుంది. శుద్ధి కేంద్రంలో చాలా కణాలు అడుగు బురదలో చిక్కుకుంటాయి. నీటికి అది మేలు, బురద పొలాలకు పోతే ప్రశ్న పొలానికి మారుతుంది. టైటానియం డయాక్సైడ్‌ది ఇంకో గుణం, చీకట్లో సాధువు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే కణజాలాన్ని దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది. గదిలో ట్యూబ్‌లైటు కింద చేసిన పరీక్ష దాని గురించి మంచి మాటే చెబుతుంది. ఏప్రిల్ ఎండలో లోతు లేని మూసీ పాయలో ఏం జరుగుతుందో తెలియాలంటే గుడ్లకూ ఆ ఎండ చూపించాలి. మంచి పరీక్ష చేసేవాడు నది ఒడ్డుకు వెళ్లి వచ్చాకే దీపం ఎన్నుకోవాలంటాను.

ఇన్ని గుడ్లను చంపడం న్యాయమా అన్న ప్రశ్నను ఈ రంగం దాటవేయలేదు. అసలు ఈ పరీక్ష పుట్టిందే పెద్ద చేపలను కాపాడటానికి. పాత పద్ధతిలో ఎదిగిన చేపలను విషపు నీటిలో 96 గంటలు ఉంచి ఎన్ని చచ్చాయో లెక్కపెట్టేవారు. జర్మనీలో పరిశ్రమల మురుగునీటి పరీక్షకు పెద్ద చేపలను వాడే పద్ధతిని 2005 నుంచి మాన్పించి, జీబ్రా గుడ్డు పరీక్షను తెచ్చారు. 2007లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. యూరప్ చట్టం ప్రకారం సొంతంగా మేత తినడం మొదలుపెట్టని పిల్లను ప్రయోగ జంతువుగా లెక్కించరు. జీబ్రా చేపకు ఆ గీత 120 గంటల దగ్గర ఉంది. అందుకే పరీక్ష 96 గంటలకే ముగుస్తుంది, మిగిలిన పిల్లలను గీత దాటకముందే బాధ లేకుండా ముగించాలి. ఈ పరీక్షకు హద్దు కూడా అక్కడే ఉంది. నాలుగు రోజుల్లో కనిపించని హాని, ఎదిగిన చేప మొప్పల్లో, గుడ్లు పెట్టే శక్తిలో ఏళ్ల తర్వాత బయటపడవచ్చు. దానికి వేరే దీర్ఘకాల పరీక్షలున్నాయి, అవి ఎక్కువ కాలం, ఎక్కువ ఖర్చు, ఎక్కువ చేపలు అడుగుతాయి.

మన చట్టంలో చేపకు ఎప్పుడో చోటుంది. పర్యావరణ పరిరక్షణ నియమాలు పరిశ్రమలు వదిలే నీటికి పెట్టిన సాధారణ ప్రమాణాల్లో ఒకటి, పలచన చేయని ఆ నీటిలో 96 గంటల తర్వాత చేపల్లో 90 శాతం బతకాలన్నది. భారతీయ ప్రమాణాల సంస్థ జీబ్రా చేపతో విషప్రభావం కొలిచే పద్ధతిని కూడా ప్రచురించింది. నానో ఎరువులు, ఆహార పదార్థాల భద్రతను అంచనా వేయడానికి కేంద్రం 2020లో మార్గదర్శకాలు తెచ్చింది. ఇక చేయాల్సింది వీటిని కలపడం. అంబర్‌పేట కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని, మూసారాంబాగ్ వంతెన కింది నీటిని, చాదర్‌ఘాట్ దగ్గరి నీటిని క్రమం తప్పకుండా తెచ్చి, గుడ్లతో పరీక్షించి, ఎన్ని రెట్లు పలచన చేస్తే పిండాలు బతుకుతున్నాయో ఆ ఒక్క అంకెను మూసీ ఒడ్డున ఉండే జనానికి తెలిసేలా ప్రకటించాలి. మామూలు లోహాలు, మందులు, నానో కణాలు అన్న తేడా గుడ్డుకు లేదు, అన్నిటికీ కలిపి జవాబు చెబుతుంది. ఏది ఎంత కారణమో విడదీయడం ఆ తర్వాతి పని, దానికే ఖాళీ సీసాలు, అయాన్ల గుంటలు, మామూలు సైజు పొడులు కావాలి. హబ్సిగూడ, తార్నాక, గచ్చిబౌలి, ఈ మూడు చోట్లా కావలసిన పరికరాలు, చదువు, పిపెట్ పట్టడం తెలిసిన చేతులు ఉన్నాయి. అక్కడి నుంచి మలక్‌పేట మూసీ ఒడ్డు ఒక సీసా నీళ్లు అదే రోజు తెచ్చుకోగలిగినంత దగ్గర.